కిలోకి ఎంత పడింది?

మా నాన్నకి బెజవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్‌కి రెండు సందుల అవతల, కిరాణా కొట్టు ఉండేది. ముప్ఫయ్యేళ్లు నడిపారు. ఫలానా చోట కందిపప్పు మూట చవగ్గా ఇస్తున్నారని ఎవరొచ్చి చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "మూట ధర సరే, కిలోకి ఎంత పడింది?" తరుగు, రాళ్లు, గోతం బరువు, రిక్షా కిరాయి అన్నీ లెక్కేసి నికరంగా కొట్లోకి చేరిన కిలోకి ఎంతో తేలాకే ఆయన చవకంటే చవక. కొట్టు మూసేసి పదేళ్లయింది. ఆ లెక్క మళ్లీ మా ఇంట్లోకి వచ్చింది మాత్రం నా ఈత వల్ల.

2024 జనవరిలో, నలభై ఒకటో ఏట, అదే ఏడాది అక్టోబరులో గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి పేరిచ్చాను. ఒకదాని వెంట ఒకటి మూడూ ఒకే రోజు చేయాలి. 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈత, 90 కిలోమీటర్లు సైకిల్, 21.1 కిలోమీటర్లు పరుగు. ఇన్సూరెన్సు ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషికి ఇదేం పోగాలమని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. డబ్బు సంగతి మాత్రం నాకు అప్పుడే అర్థమైంది. పరుగుకి రోడ్డుంది, ఊరికే. సైకిల్ ఒకసారి కొంటే అయిపోతుంది, సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. ఈత మాత్రం ఇంటద్దె లాంటిది, నెల తిరిగేసరికి మళ్లీ కట్టాలి. పైగా ఆ పోటీలో ఈతకి 70 నిమిషాల గడువు. అది దాటితే సైకిల్ దగ్గరికే వెళ్లనివ్వరు. అంటే మూడింటిలో ఎక్కువ సాధన కావల్సిందీ, ఎక్కువ ఖర్చయ్యేదీ ఒక్కటే.

ఈత రాదని కాదు. పామర్రు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, తొమ్మిదో ఏట, నడుముకి బెండ్లు కట్టి మా మావయ్య పంట కాలువలోకి తోశాడు. అలా వచ్చిన ఈత అది. గంటసేపు మునక్కుండా ఉండగలను. కానీ తల నీళ్లపైన పెట్టి, గేదె వెళ్లినట్టు వెళ్తాను. యాభై మీటర్లకి మెడ పట్టేస్తుంది. తల నీళ్లలో పెట్టి పక్కకి తిప్పి ఊపిరి తీసుకునే ఫ్రీస్టైల్ ఈత, అదీ ఆగకుండా, నలభై ఒకటో ఏట కొత్తగా నేర్చుకోవాలి. దానికి కావల్సింది పొడవైన, ఖాళీగా ఉన్న నీళ్లు. బెజవాడలో నీళ్లకేం కరువు అనుకుంటారు. పటమటలంకలో మా ఇంటికి కూతవేటు దూరంలో బందరు కాలువ ఉంది. మా నాన్న చిన్నప్పుడు అందులో స్నానాలు చేసేవాళ్లట. ఇప్పుడు ఆ గట్టు మీద నడిచేటప్పుడే ముక్కు మూసుకుంటున్నాం.

మొదట అందరూ వెళ్లే చోటికే వెళ్లాను. ఊళ్లో నలుగురికీ తెలిసిన, నెల రుసుము తక్కువున్న ఒక పూల్. రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు, చర్మవ్యాధులు లేవని డాక్టరు కాగితం అన్నీ పట్టుకెళ్తే, "నీళ్లు మారుస్తున్నాం సార్, ఫిబ్రవరిలో రండి" అన్నారు. ఫిబ్రవరిలో వెళ్తే మోటారు రిపేరు. మార్చిలో తెరుస్తామన్నారు. డాక్టరు కాగితం నెలకోసారి కొత్తది కావాలట. ఆ కాగితానికి డాక్టరు రెండొందలు. ఇంకా నీళ్లలో కాలు పెట్టకుండానే నాలుగొందలు అయ్యాయి.

ఈలోగా ఒక హోటల్లో బయటివాళ్లని రానిస్తారని తెలిసి వెళ్లాను. గంటకి 400 రూపాయలు. తెల్లటి తువ్వాలు మడతపెట్టి ఇస్తారు, నిమ్మకాయ నీళ్లిస్తారు, ఉదయం ఆరింటికి నీళ్లలో పురుగు కూడా ఉండదు. సుఖంగానే ఉంది. రెండో రోజు గట్టు వెంబడి అడుగులేసి కొలిచాను. 16 మీటర్లు. 1.9 కిలోమీటర్లు కావాలంటే అటూ ఇటూ 119 సార్లు. ఒకసారి గోడని తన్నితే నాలుగైదు మీటర్లు ఊరికే జారిపోతాం, అంటే నేను ఈదేది పదకొండు, పన్నెండు మీటర్లే. మిగతాదంతా గోడ పుణ్యం. చిన్న పూల్‌లో కిలోమీటరు కొట్టానని చంకలు గుద్దుకునేవాళ్లు దీన్ని ఒకసారి లెక్కేసుకోవాలి. వారానికి రెండు రోజుల చొప్పున ఫిబ్రవరి నెల్లో ఎనిమిది సార్లు వెళ్లాను. రోజుకి కిలోమీటరున్నర. నాన్నకి చెబితే కళ్లజోడు తీసి, పాత ఎల్ఐసీ డైరీ ఒకటి తెచ్చి, అందులో మొదటి లెక్క రాశారు. కిలోమీటరుకి 267 రూపాయలు. "బాసుమతి బియ్యం కూడా ఇంత లేదురా" అన్నారు.

ఆ లెక్క చూశాక నాకు తెలివి ఎక్కువైంది. తాడిగడపలో మా ఆఫీసు స్నేహితుడి అపార్ట్‌మెంటులో పూల్ ఉంది. జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. ఎటు నుంచి ఎటు ఈదినా పన్నెండు మీటర్లు దాటదు. అతిథికి వంద రూపాయలు. సాగే తాడు నడుముకి కట్టుకుని, రెండో కొస నిచ్చెనకి కట్టేసి, ఉన్నచోటే ఈదొచ్చని ఎక్కడో చదివాను. ఆ తాడు కొనడమెందుకని సైకిల్ షాపులో పనికిరాని ట్యూబులు నాలుగు తెచ్చి ముడేశాను. పది నిమిషాలు బాగానే సాగింది. ముందుకి లాగుతున్నాను, ట్యూబు వెనక్కి లాగుతోంది. వాచ్‌మన్ వచ్చి గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసి, "సార్, ముడి ఊడదీయమంటారా?" అని అడిగాడు. నేను ఇరుక్కుపోయాననుకున్నాడు. ఇంతలో ఊడనే ఊడింది. ముడి కాదు, నిచ్చెన మేకు. అసోసియేషన్ వాళ్లకి 600 కట్టాను.

నాన్న డైరీ తీసి, "ఇవాళ ఎన్ని కిలోమీటర్లు?" అన్నారు.

"కదల్లేదు కదా నాన్నా, ఉన్నచోటే."

"సున్నాతో భాగించకూడదురా" అని డైరీ మూసేశారు.

మార్చి చివర్లో ఆ మొదటి పూల్ తెరిచారు. నెలకి 1,200. ఉదయం బ్యాచి, 45 నిమిషాలు. నెలకి 26 రోజులు. రోజుకి 46 రూపాయలంటే హోటల్ ముందు దానమిచ్చినట్టే. 25 మీటర్ల నిఖార్సయిన పూల్. మొదటి నాలుగు రోజులు స్వర్గం. ఏప్రిల్ మొదటివారంలో సమ్మర్ క్యాంపు మొదలైంది.

అప్పుడు చూడాలి ఆ పూల్‌ని. పిల్లలే అరవై మంది, పెద్దవాళ్లు ఇరవై మంది. లేన్ తాళ్లు తీసేశారు. కొత్త పిల్లలకి నేర్పే మొదటి పాఠం గోడ పట్టుకుని కాళ్లు కొట్టడం కాబట్టి రెండు వైపులా గోడలు వాళ్లవే. నేను మీటరు ముందే ఆగి, నీళ్లలో బొంగరంలా తిరిగి, వెనక్కి మళ్లాలి. మధ్యలో ఒకడు మునుగుతూ నా కాలు పట్టుకుంటాడు. ఇంకొకడు బంతి కోసం అడ్డంగా వస్తాడు. ఒకసారి ఎవరిదో మడమ నా గాగుల్స్ మీద పడి కంటి చుట్టూ వారం రోజులు నల్లగా ఉంది. ఆఫీసులో ఎవరూ నమ్మలేదు, ఇంట్లో ఏదో జరిగిందనే అనుకున్నారు. పిల్లల్ని తప్పుపట్టడానికి లేదు. మా బెజవాడ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో నీళ్లలో ఉండటం కంటే తెలివైన పని లేదు. ఆ కేరింతలు వింటే నాకూ అమ్మమ్మగారి ఊరి కాలువే గుర్తొచ్చేది.

45 నిమిషాలన్నది కూడా మాటే. షవరు కింద క్యూ అయిదు నిమిషాలు, విజిల్ అయిదు నిమిషాలు ముందు. మిగిలిన దాంట్లో తప్పించుకుంటూ, ఆగుతూ 600 మీటర్లు తేలేది. ఎండాకాలం నీళ్లకి ఇంకో సంగతుంది. సాయంత్రానికి పూల్ దగ్గర ఘాటు వాసన గుప్పుమంటుంది. క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చాలామంది సంతోషపడతారు. అసలు సంగతి తలకిందులు. చెమటా మూత్రమూ కలిసి క్లోరిన్‌ని తినేస్తే పుట్టే వాసన అది. శుభ్రమైన పూల్‌కి పెద్దగా వాసన ఉండదు. అందుకే దిగే ముందు స్నానం చేయమని అంతలా మొత్తుకుంటారు.

అక్కడి మేనేజర్ని ఒక రోజు అడిగాను, ఉదయం పూట ఒక్క లేన్‌కి తాడు కట్టి పెద్దవాళ్లకి వదలొచ్చు కదా అని. ఆయన ఏమీ విసుక్కోలేదు. "సార్, మీ ఒక్కరికి లేన్ ఇస్తే పదిమంది పిల్లల ఫీజు పోతుంది. ఏడాది మొత్తం కరెంటు బిల్లు ఈ రెండు నెలల్లోనే రావాలి" అన్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్న, "మంచి వ్యాపారస్తుడు" అని మెచ్చుకున్నారు. తర్వాత డైరీ తీశారు. 26 రోజుల్లో నేను వెళ్లింది ఇరవై, రోజుకి 600 చొప్పున 12 కిలోమీటర్లు. కిలోమీటరుకి 100. "నువ్వు రోజుకి 46 అని చంకలు గుద్దుకున్నావు. తరుగు తీయలేదు."

నా తప్పు నాకు అక్కడ తెలిసింది. నేను నెల ధరలు అడుగుతూ తిరుగుతున్నాను. అడగాల్సింది నీళ్లలో ఎంతమంది ఉంటారని.

తర్వాతి అడుగు నాన్న చలవే. ఊళ్లో మొత్తం ఎన్ని పూల్స్ ఉన్నాయో ఎవరికి తెలుస్తుంది? ఫోనులో మ్యాప్ చూస్తే మూతపడినవీ, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే రిసార్టులూ కలగలిపి చూపిస్తుంది. నాన్న ఆలోచించి, "నీళ్లలో వేసే మందు ఎవరి దగ్గర కొంటారు?" అన్నారు. వన్‌టౌన్‌లో ఆయన పాత స్నేహితుడొకాయన బ్లీచింగ్ పౌడరు, పటిక, హైపోక్లోరైట్ డబ్బాలు అమ్ముతారు. ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆయన కాఫీ తెప్పించి, ఖాతా పుస్తకం తిరగేసి, అరగంటలో ఊరూ, ఊరి చుట్టుపక్కలా కలిపి 23 పూల్స్ చెప్పారు. అంతేకాదు, ఎవరు నెలనెలా సరుకు తీసుకెళ్తారో, ఎవరు ఆర్నెల్లకోసారి కనబడతారో కూడా చెప్పారు. ఫలానా హోటల్ పేరు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపి, "అందులో మాత్రం దిగకు బాబూ" అన్నారు. నీళ్ల గురించి ఇంతకంటే నమ్మకమైన సర్టిఫికెట్ నాకు ఎక్కడ దొరుకుతుంది?

ఆ 23లో తొమ్మిది అపార్ట్‌మెంట్లవి. అయిదు హోటళ్లవి. అయిదు చిన్నపిల్లలవి, మోకాలి లోతు. మిగిలినవి నాలుగు. ఒకటి నేను వెళ్తున్నదే. ఒకటి క్లబ్బు, సభ్యత్వం లక్షల్లో ఉంది. ఒకటి ఇంజినీరింగ్ కాలేజీది, గేటు దగ్గరే ఆపేశారు. నాలుగోది ఊరి బయట, మా ఇంటికి 12 కిలోమీటర్లలో ఉన్న ఒక ప్రైవేటు స్కూలుది. 25 మీటర్లు, ఆరు లేన్లు. నెలనెలా సరుకు తీసుకెళ్లే పార్టీ.

స్కూలు కరస్పాండెంటుగారిని కలవడానికి మూడుసార్లు తిరిగాను. ఆయన భయం ఒకటే. "ఏమన్నా అయితే మా మెడకి చుట్టుకుంటుందండీ." న్యాయమైన భయమే. నేను చెప్పింది ఇది. ఉదయం అయిదు నుంచి ఆరుంబావు వరకు మీ పూల్ ఖాళీగా ఉంటుంది. పిల్లలు దిగినా దిగకపోయినా నీళ్లు శుభ్రం చేసే మోటారు తిరగాల్సిందే, మందు వేయాల్సిందే. ఆ ఖర్చులో కొంత మేం ఇస్తాం. స్కూలు బస్సులొచ్చేలోగా వెళ్లిపోతాం. మీ లైఫ్‌గార్డుని రమ్మనండి, ఆయన కూలి మేమే ఇస్తాం. మా పూచీ మాదేనని వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి ఇస్తాం. ఆయన చివరికి వారానికి మూడు రోజులకి ఒప్పుకున్నారు. నెలకి 8,000, లైఫ్‌గార్డుకి 2,000. ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లే రావాలి, అయిదుగురికి మించకూడదు.

నలుగుర్ని వెతకడం అనుకున్నంత కష్టం కాలేదు. పదివేలు ఒక్కరం పెట్టలేమన్నవాళ్లందరూ రెండువేలంటే ముందుకొచ్చారు. ఒక మెడికల్ రెప్పు, ఒక ఆడిటరు, మోకాళ్ల నొప్పులకి ఈత చెప్పిన ఒక కాంట్రాక్టరు, ఒక పళ్ల డాక్టరమ్మ. డాక్టరమ్మ కథ వింటే నా తిరుగుడు ఎంత తేలికో తెలిసింది. ఊళ్లో ఎక్కడికెళ్లినా ఆడవాళ్ల బ్యాచి పొద్దున పదింటికో సాయంత్రం నాలుగింటికో పెడతారు, ఇంట్లో ఉండే ఆడవాళ్లే వస్తారన్న లెక్కతో. ఆవిడ క్లినిక్ సరిగ్గా అప్పుడే. మూడేళ్లుగా ఈత బట్టలు బీరువాలో ఉన్నాయట. మొదటిరోజు ఆవిడ నీళ్లలోకి దిగి, మాలో ఎవరితోనూ మాట్లాడకుండా నలభై నిమిషాలు ఆగకుండా ఈదారు. మాలో అందరికంటే వేగం ఆవిడే. నా మోచెయ్యి నీళ్లలో ఎందుకు జారిపోతోందో చూసి చెప్పింది కూడా ఆవిడే. కోచ్‌కి ఇచ్చే డబ్బు అలా మిగిలింది.

జూన్ మధ్యలో మొదలుపెట్టాం. నెలకి 12, 13 రోజులు, రోజుకి 2 కిలోమీటర్లు, సుమారు 25. కిలోమీటరుకి 80. నాన్న రాయబోతూ కలం ఆపి, "రిక్షా కిరాయి?" అన్నారు. పోనురానూ 24 కిలోమీటర్లకి పెట్రోలు. లెక్కేస్తే కిలోమీటరుకి ఇంకో ఇరవై ఏడు దాకా తేలింది. మళ్లీ వంద దాటేసింది! ఒక పూట దిగులుపడ్డాను. తర్వాత నా బుర్రకి తట్టింది, నాకు సైకిల్ సాధన కూడా కావాలి కదా. నాలుగింటికే లేచి సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టాను. పెట్రోలు పోయింది, వారానికి 72 కిలోమీటర్ల సైకిల్ కలిసొచ్చింది. డైరీలో 80 మిగిలింది.

పూల్ ఒక్కటే సరిపోదు. పూల్ అడుగున నల్లగీత ఉంటుంది, దాన్ని చూస్తూ తిన్నగా పోతాం. సముద్రంలో గీత ఎవరు గీస్తారు? బెజవాడలో కృష్ణలో ఈదేవాళ్ల సంప్రదాయం పాతదే. ఆక్వా డెవిల్స్ అనే ఈతగాళ్ల సంఘం వాళ్లు నది దాటే పోటీలు పెడతారని ఊళ్లో చాలామందికి తెలుసు. నాకు దారి దొరికింది మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ లోకోపైలట్ వల్ల. అరవై ఎనిమిదేళ్లు. నేను బాబాయ్‌గారూ అంటాను. ఆదివారం ఉదయం భవానీపురం వైపు ముగ్గురు నలుగురితో ఈదుతారు. నన్ను మార్చి నుంచే రానిచ్చారు, కానీ మొదటి రెండు వారాలు గట్టునే కూర్చోబెట్టారు.

"ఈతకు మించిన లోతు లేదంటారు కదా బాబాయ్‌గారూ" అన్నాను ఒకరోజు, ఉబుసుపోక.

"ఆ సామెత కట్టినవాడి రోజుల్లో ఇసుక తవ్వే మిషన్లు లేవోయ్" అన్నారాయన.

నిజమే. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఇరవై అడుగుల గుంతలో పడతాం. ఘాట్ల దగ్గర ప్రాణాలు అలా కూడా పోతుంటాయి. అందుకని ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. పడవ లేకుండా దిగడం లేదు. జాలరి ఒకతన్ని నాటు పడవతో రమ్మంటారు, పూటకి 500. టూరిస్టు బోట్లు తిరిగే వైపు ఆ పడవ ఉండాలి, ఒడ్డు వైపు మేముండాలి. అందరూ నారింజరంగు టోపీ పెట్టుకోవాలి. ముందు పైకి, అంటే ఎదురీత. తిరిగొచ్చేటప్పుడు వాలు. అలసిపోయినవాడికి ప్రవాహం సాయం చేయాలి గానీ బ్యారేజీ వైపు లాక్కెళ్లకూడదు. ఎగువ నుంచి నీళ్లు వదులుతున్నారని పేపర్లో వస్తే ఆ వారం ఈత లేదు, వాదన లేదు.

గేట్లు దించి ఉన్నన్నాళ్లూ ప్రకాశం బ్యారేజీ వెనక కృష్ణ పెద్ద చెరువులాగే ఉంటుంది. అయినా మొదటిసారి తల ముంచగానే గుండె ఝల్లుమంది. ఆకుపచ్చ చీకటి. నా చెయ్యి నాకే కనబళ్లేదు. ఇరవై బారలు వేసి తల ఎత్తితే పడవ ఎడమవైపు ఉండాల్సింది ఎదురుగా ఉంది. అడ్డంగా ఈదుతున్నాను! బాబాయ్‌గారు పడవ పట్టుకుని, "రైలుకి పట్టాలుంటాయి, నీకు లేవు. సిగ్నల్ చూసుకుంటూ పోవాలి" అన్నారు. వచ్చేటప్పుడు ఆ సిగ్నల్ ఇంద్రకీలాద్రి. ఎనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం పైకెత్తి, అమ్మవారి గుడి గోపురం ఎక్కడుందో చూసుకుని, మళ్లీ తల ముంచడం. నలుగురం పంచుకుంటే తలా 125, రెండున్నర కిలోమీటర్లు. కిలోమీటరుకి 50. డైరీలో అంకె చూసి నాన్న మొదటిసారి ఏమీ అనలేదు. మా ఆవిడ అంది. వారం వారం నేను ఇంటికొచ్చేదాకా కాఫీ తాగడం లేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. దానికి డైరీలో గడి లేదు.

జులై చివర్లో పైనుంచి నీళ్లు మొదలయ్యాయి, నది ఈత ఆపేశాం. ఆగస్టు 31 రాత్రి నుంచి ఏం జరిగిందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. బుడమేరు వాగుకి గండ్లు పడి, ఆ వరదలో సింగ్‌నగర్ మునిగింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. మా పిన్నివాళ్లు సింగ్‌నగర్‌లో మేడ మీద మూడు రోజులున్నారు. మేము ఆదివారాలు అద్దెకి తీసుకున్న పడవని లారీ మీద తెచ్చి ఆ వీధుల్లో దింపారు. మా పడవతను పాల ప్యాకెట్లు, మంచినీళ్లు మేడల మీదకి అందిస్తూ అయిదు రోజులు అక్కడే ఉన్నాడు. ఆ నెలలో ఈత, పోటీ అనే మాటలు నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. డైరీలో ఆ పేజీ ఖాళీ.

సెప్టెంబరు నాలుగో వారంలో స్కూలు పూల్‌కి మళ్లీ వెళ్లాం. పోటీకి అయిదు వారాలుంది. మానేద్దామనే అనుకున్నాను. కట్టిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి వెళ్లమన్నది కూడా నాన్నే.

గోవా గురించి ఎక్కువ చెప్పను. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో సైకిల్‌ని అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్లాం. మీరామార్ బీచ్, ఉదయాన్నే. ఉప్పునీళ్లు మనిషిని తేలుస్తాయి, ఆ సుఖం కృష్ణలో లేదు. అలలు మాత్రం సరిగ్గా ఊపిరి తీసుకునే వేళకే నోట్లోకి వచ్చాయి. నా పక్కనే ఎంతో వేగంగా ఈదుతున్న ఒకతను తిన్నగా పోలేక అటూ ఇటూ వంకర్లు తిరిగాడు, పూల్ మనిషని తెలిసిపోయింది. నేను ఎనిమిది బారలకోసారి కళ్లెత్తి, దారికి గుర్తుగా నీళ్ల మీద తేలే పసుపు బుంగ చూసుకున్నాను. 56 నిమిషాలు. సైకిలూ పరుగూ ఎలాగో అయ్యాయి. పరుగు చివర్లో ఎక్కువ నడిచాను.

చవక చోటు దొరికింది పోటీ అయిపోయాకే. డిసెంబరులో ఆ మొదటి పూల్ ముందు నుంచి వెళ్తూ ఊరికే లోపలికి చూశాను. ఈసారి రిపేర్లు లేవు, తెరిచే ఉంది. చలికి ఒక్క పిల్లాడు లేడు. ఆరుగురు పెద్దవాళ్లు, ఆరు లేన్లు. అదే 1,200. దిగేటప్పుడు ఒళ్లు జివ్వుమంటుంది, నాలుగు రౌండ్లు కొడితే సర్దుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రోజుకి 1,600 మీటర్ల చొప్పున నెలకి ఇరవై రోజులు వెళ్లాను. 32 కిలోమీటర్లు. కిలోమీటరుకి 37 రూపాయల 50 పైసలు. అదే పూల్, అదే రుసుము, ఏప్రిల్‌లో వంద పడింది.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. చలికాలం ఆ పూల్, ఎండాకాలం పోను మిగతా రోజులు స్కూలు, నది నిలకడగా ఉన్న ఆదివారాలు కృష్ణ. ఏప్రిల్, మే పిల్లలవి, వాళ్లకే వదిలేశాను. ఆ రెండు నెలలూ ఆదివారం నది ఒక్కటే.

మొన్న మా మెడికల్ రెప్పుకి కర్నూలు బదిలీ అయింది. నలుగురమే మిగిలాం. తలా 2,500. నాన్న డైరీ తీసి 80 కొట్టేసి 100 రాశారు. సాయంత్రం చూస్తే ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నారు. వన్‌టౌన్ స్నేహితుడు. "మీ మనవడికి ఈతొచ్చు కదా," అంటున్నారు, "అయిదింటికి లేస్తాడా?"